తోడు రక్తం

ఈ ల్యాబు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు చైతన్యపురిలోని మా ఇంటికి వస్తుంటారు. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి మేడం, ఏయే దేశాలు తిరిగారు అని అడుగుతారు. ఆ పేపర్లన్నీ బీరువాలో ఉన్నాయి, ప్రస్తుతం వాటిని చెదపురుగులు చదువుతున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఆ బీరువాలో దొరకదు. విని సంతోషించే సంగతి కూడా కాదు. ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

పసుపు నీలమవుతుందా

ఒంట్లోకి క్రిమి దూరితే తెల్లకణం దాన్ని మింగుతుంది. ఇది బడి పుస్తకాల్లోనే ఉంది. మింగాక ఏం చేస్తుందన్నది మా పని. ఆ కణంలో ఒక ఎంజైము ఉంటుంది. మనం పీల్చిన ఆక్సిజన్‌నే తీసుకుని, దాన్ని ఘాటైన విషంగా మార్చి, మింగిన క్రిమి మీద పోస్తుంది. మనం బాత్‌రూమ్ కడిగే బ్లీచింగ్ పౌడరుకు ఆ విషం దగ్గరి చుట్టం.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచేయదు. వాళ్ల కణాలు క్రిముల్ని మింగుతాయి కానీ చంపలేవు. దొంగను ఇంట్లోకి లాగి తాళం వేశాం గానీ కొట్టడానికి కర్ర లేదు, అలా ఉంటుంది పరిస్థితి. ఆ పిల్లలకు మెడ గడ్డలు కడతాయి, చీము పడుతుంది, ఊపిరితిత్తులు పాడవుతాయి. మన దగ్గర చాలామందికి టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులే వాడతారు.

దీన్ని పట్టుకోవడానికి మా రోజుల్లో ఉన్న పరీక్ష చాలా చిన్నది. రక్తంలో పసుపు రంగు ద్రవం కలిపి, కణాలను రెచ్చగొట్టి, గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూడాలి. ఎంజైము బతికి ఉంటే కణం లోపల పసుపు కాస్తా నల్లటి నీలమవుతుంది. లేకపోతే కాదు. ముప్ఫై ఏళ్లు నేను చేసిన ఉద్యోగం, దానికున్న పెద్ద పేర్లన్నీ పక్కన పెడితే, పసుపు నీలమయిందా లేదా అని ఒంటికన్నుతో చూడటమే.

రోగనిరోధక శక్తి అనే మాట ఇప్పుడు కషాయం పొట్లాల మీద కూడా ఉంది. అప్పట్లోనే ఒక మందుల వ్యాపారి తన సిరప్ తాగితే ఈ శక్తి పెరుగుతుందని మా చేత రాయించుకోవడానికి మిఠాయి డబ్బాతో వచ్చాడు. పెరగడం అంటే ఏమిటో చెప్పండి, కొలిచి పెడతాను అన్నాను. ఆయన చెప్పలేదు. డబ్బా మాత్రం మా డైరెక్టరుగారి గదిలోకి వెళ్లింది. మీ దగ్గరికీ ఇలాంటివాళ్లు వస్తారు.

తోడు

నాకు పని నేర్పిన మొదటి బాసు మంచి మనిషేమీ కాదు. మేం చేసిన ప్రతి పని మీదా తన పేరు ముందు రాసుకునేవాడు. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. కానీ ఒక్క అలవాటు నేర్పాడు, దానికి మాత్రం దణ్ణం పెట్టాలి.

చేరిన రెండో ఏడు ఒక పసికందు రక్తంలో ఒక్క కణం కూడా నీలం కాలేదు. దొరికింది, దొరికింది అని ఎగిరి గంతేసి ఆయన దగ్గరికి పలక పట్టుకెళ్లాను. ఆయన పలక వంక చూడలేదు. "తోడు ఏది?" అన్నాడు. తోడు పెట్టలేదన్నాను. పలకను చెత్తబుట్టలో వేసి, పొమ్మన్నాడు. ఏడ్చుకుంటూ మళ్లీ చేస్తే తెలిసింది, కణాలను రెచ్చగొట్టే మందే చచ్చి ఉంది. పిల్ల నిక్షేపంగా ఉంది.

తోడు అంటే ఇదీ. రోగి రక్తం తీసినప్పుడే, అదే చోట, ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరి రక్తమూ తీయాలి. రెండు ట్యూబులూ ఒకే జేబులో, ఒకే దారిన రావాలి. దారిలో ఎండ తగిలినా, ఆలస్యమైనా రెండింటికీ సమానంగా తగులుతుంది. తోడు కణాలు నీలమై, రోగివి కాకపోతేనే రోగమున్నట్టు. తోడు కూడా పాడైతే ఆ రోజు మనకేమీ తెలియలేదని ఒప్పుకోవాలి. తోడు ఇచ్చే మనిషి రోగికి రక్తసంబంధి కాకూడదన్నది ఇంకో నియమం. అది ఎందుకో కూడా ఆయన నాకు చెప్పాడు. నేను మాత్రం ఆ నియమమూ, కారణమూ నా కింద పనిచేసిన ఎవరికీ చెప్పలేదు. అవసరం పడలేదు. వార్డులో ఎప్పుడూ ఆయాలో, కాంపౌండర్లో ఎవరో ఒకరు చేయి చాపేవారు.

యాదగిరి

ఆ ట్యూబులు తెచ్చేవాడు యాదగిరి, మా ల్యాబ్ టెక్నీషియన్. సొంతూరు నల్గొండ వైపు, కాపురం కర్మన్‌ఘాట్‌లో. పెద్ద పెద్ద డాక్టర్లకు దొరకని పసిపిల్లల నరం అతని వేలికి దొరికేది. పద్దెనిమిదేళ్లు పక్కపక్కన పనిచేశాం. నా డబ్బాలో గోంగూర పచ్చడి సగం అతనిదే. వాళ్లావిడ చేసిన సర్వపిండి సగం నాది.

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాం. తెలంగాణ ఉద్యమం వేడెక్కేదాకా నేనెవరో, అతనెవరో ఇద్దరికీ గుర్తు రాలేదు. తర్వాత టీవీ చూసి పొద్దున్నే ఇద్దరం ముఖాలు గంటు పెట్టుకుని వచ్చేవాళ్లం.

"పాతికేళ్ల క్రితం వచ్చి ఇల్లు కట్టుకోవడం కూడా పాపమేనా యాదగిరీ?" అన్నాను ఒకరోజు.

"మిమ్ముల ఎవలన్నరు మేడం? మా కొలువులు మాకు గావాలంటున్నం. మా ఊళ్లె చదువుకున్న పోరగాళ్లంత కూలి అడ్డమీద నిలవడ్తున్నరు. మీకు కనవడ్తలేరా?"

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ వారంలోనే వాళ్ల ఊరి కుర్రాడొకడు ఉద్యమం కోసమని ప్రాణం తీసుకున్నాడు. యాదగిరి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. నేను ఓదార్చాల్సింది పోయి, "ఇలా చచ్చి ఏం సాధిస్తారయ్యా, ఆవేశం తప్ప ఆలోచన లేదు" అన్నాను. నోరు జారాను అని కూడా అనను. ఆ క్షణంలో నేను అనుకున్నదే అన్నాను.

అతను టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లి గుమ్మం దగ్గర తిన్నాడు. ఆ రోజు నుంచి మా మధ్య మాటలు లేవు. పని సంగతులు చీటీల మీద రాసుకునేవాళ్లం. ఇద్దరం పెద్దవాళ్లమే, ఇద్దరికీ పిల్లలున్నారు. అయినా ఏడాది దగ్గర దగ్గర అలాగే గడిపాం.

బంద్ రోజు

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, ఆఫీసులు లేవు. యాదగిరి సమ్మెలో ఉన్నాడు. నేను నడిచి ల్యాబుకు వెళ్లి ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

ఎల్బీనగర్‌లో ఒక పిల్లల ఆసుపత్రి ఉండేది. అక్కడి కుర్ర డాక్టరు నుంచి ఫోన్ వచ్చింది. మూడేళ్ల బాబు, పేరు చరణ్. తండ్రి కొత్తపేట పండ్ల మార్కెట్లో హమాలీ, బడంగ్‌పేటలో కిరాయి ఇల్లు. మెడలో గడ్డలు, తగ్గని జ్వరం, ఆరు నెలలుగా టీబీ మందులు. తల్లి అన్నదమ్ములు ఇద్దరు చిన్నప్పుడే పోయారట. ఆ మాట వినగానే నా వీపు నిటారైంది. ఈ జబ్బు ఎక్కువగా తల్లి వైపు నుంచి వస్తుంది. తల్లికి ఏమీ కాదు, మగపిల్లలు పోతారు.

రక్తం ఎవరు తెస్తారు అన్నాను. యాదగిరికి ఫోన్ చేశానన్నాడు డాక్టరు. సమ్మెలో ఉన్నా పిల్లల పని ఆపనన్నాడట.

పొద్దున తొమ్మిదింటికి రక్తం తీశాడని తెలిసింది. ఈ రక్తాన్ని ఐసులో పెట్టకూడదు, కణాలు మొద్దుబారతాయి. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని ఒంటి వేడి మీద తేవాలి. ఎల్బీనగర్ నుంచి మా ల్యాబున్న దిల్‌సుఖ్‌నగర్‌కు మెల్లగా నడిచినా గంటన్నర. పదకొండయింది, పన్నెండయింది. మధ్యాహ్నం మూడు దాటాక తలుపు తోసుకుని వచ్చాడు. మెడలో గులాబీ కండువా, చొక్కాకు మట్టి, ఒక చెప్పు లేదు.

ఆ మట్టిని నేను చూశాను. చూసి కూడా అడగలేదు. కండువా మాత్రమే కనపడింది నాకు.

"ధర్నా ముగించుకుని తీరిగ్గా వచ్చావన్నమాట" అన్నాను. ఏడాది తర్వాత నేను అతనితో మాట్లాడిన మొదటి మాట అది.

యాదగిరి నా వంక చూశాడు. రెండు ట్యూబులు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదాని మీద చరణ్ అని, రెండోదాని మీద తోడు అని రాసి ఉంది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

సగం

పలకలు చేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. చరణ్ కణాల్లో ఒక్కటీ నీలం కాలేదు. తోడు పలక పెట్టాను. సగం కణాలు నల్లగా ఉన్నాయి, సగం ఖాళీగా ఉన్నాయి.

తోడు నూటికి నూరు పాళ్లూ నీలం కావాలి. సగమే అయిందంటే రక్తం పాతబడింది, సగం కణాలు చచ్చాయి అనుకున్నాను. ఆరోగ్యవంతుడివే సగం చస్తే, జబ్బు పిల్లాడివి మొత్తం చచ్చి ఉంటాయి కదా అని నాకు నేనే తర్కం చెప్పుకున్నాను. రక్తం తీసి ఆరు గంటలు దాటింది. ఎవడి వల్ల? ధర్నా వల్ల. కోపానికి కారణం దొరికితే బుర్ర అక్కడే ఆగిపోతుంది. రిపోర్టులో ఒక్క ముక్క రాశాను: నమూనా పాతబడింది, మళ్లీ పంపండి.

మళ్లీ పంపడానికి బాబు అక్కడ లేడు. సమ్మెలో ఆసుపత్రి సగం మూతపడింది. టీబీ మందులు రాసిచ్చి ఇంటికి పంపారు. ఆ పక్క వారం నేను ఫోన్ చేసి అడిగాను, వస్తారులే మేడం అన్నాడు డాక్టరు. నేనూ వస్తారులే అనుకున్నాను.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైన వారంలో డాక్టరే ఫోన్ చేశాడు. ఊపిరితిత్తుల్లో బూజు, అదే ఫంగస్, పట్టి చరణ్ చనిపోయాడు.

యాదగిరి అప్పటికి డ్యూటీలో చేరాడు. అతనికి చెప్పక తప్పలేదు. చీటీ రాయడానికి కాగితం తీశాను గానీ అలాంటి మాట కాగితం మీద ఎలా రాస్తాం? నోటితోనే చెప్పాను. అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"గా తల్లి చెయ్యి నాకింక యాదికున్నది మేడం. సూది గుచ్చుతుంటె గుడ సూడలే. కొడుకునే సూసుకుంట కూసున్నది."

"తల్లికి సూది ఎందుకు గుచ్చావు?"

"తోడుకు. ఇంకెవలు దొరికిన్రు ఆ దినం? వార్డంత కాళీ. ఆయమ్మలు గుడ సమ్మెలనే ఉండ్రి."

పలకల పెట్టె దించి, ఆ తోడు పలక వెతికి మళ్లీ పెట్టాను. ఇప్పుడు చూస్తే ఎంత స్పష్టంగా ఉందో. రక్తం పాతబడితే కణాలన్నీ కాస్త కాస్త మసకబారతాయి. అన్నీ పేలవమైన నీలంగా ఉంటాయి. అంతేగానీ సగం కాటుకలా నల్లగా, సగం తెల్లకాగితంలా ఉండవు. మధ్యరకం ఒక్క కణం కూడా లేదు అందులో. జబ్బును మోస్తూ తాను మాత్రం ఆరోగ్యంగా తిరిగే తల్లి రక్తం సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఈ ముక్క నేను ఎమ్మెస్సీ పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని.

అంటే ఆ రోజు రక్తం పాడవలేదు. చరణ్ పలకా నిజమే, తల్లి పలకా నిజమే. రెండూ కలిసి జబ్బు పేరు చెప్పాయి. నేను దానికి ఆలస్యం అని పేరు పెట్టాను.

"తల్లిది తీయకూడదయ్యా" అన్నాను.

"ఆరోగ్యంగున్నోళ్లది అని చెప్పిన్రు. తల్లిది వద్దని మీరెన్నడు చెప్పిన్రు మేడం?"

చెప్పలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. మా చదువులవాళ్ల తీరే అంత. పని కిందివాళ్లకు ఇస్తాం, కారణం మా దగ్గర దాచుకుంటాం. అయినా ఆ రోజు, ఈ తోడు ఎవరిది అని ఒక్క మాట అడిగితే చాలు, అతను చెప్పేవాడు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను అడిగే స్థితిలో లేను, దెప్పే స్థితిలో ఉన్నాను.

అప్పుడే ఆలస్యం సంగతీ బయటపడింది. కొత్తపేట రాస్తారోకో దగ్గర పోలీసులు అతన్ని ఆపి సోదా చేశారు. జేబులో రక్తం ట్యూబులు దొరికితే ఏదో గొడవకు తెస్తున్నాడనుకుని వ్యాను ఎక్కించారు. లాగులాటలో చెప్పు పోయింది. రెండున్నరదాకా కూర్చోబెట్టారు.

"చేతులు కట్టుకుని కూసున్న మేడం, ట్యూబులు చల్లగ గావద్దని" అన్నాడు.

బడంగ్‌పేట

కుర్ర డాక్టరుకు చెబితే, ఇప్పుడు వాళ్లకు చెప్పి ఏం లాభం మేడం, పోయినవాడు రాడు కదా, అన్నాడు. నాకు ఆ మాట తియ్యగానే ఉంది. నిజం చెప్పాలంటే రెండు రోజులు ఆ మాట పట్టుకునే పడుకున్నాను.

మూడో రోజు యాదగిరి వచ్చాడు. "నేను చరణ్ వాళ్లింటికి వోయి వచ్చిన మేడం. ఆ తల్లి మళ్ల కడుపుతోటి ఉన్నది. ఐదో నెల."

ఇక తప్పించుకునే దారి లేదు. ఆ ఆదివారం ఇద్దరం వెళ్లాం. తల్లి పేరు స్వరూప, పాతికేళ్లు కూడా ఉండవు. అత్తగారు గడప మీదే కూర్చుని ఉంది. దిష్టి తగిలి పోయిండు, కర్మన్‌ఘాట్ హనుమంతునికి మొక్కుకున్నం, ఈసారి మంచిగైతది అంది. నేను నోరు తెరవబోతే యాదగిరి నా మోచేయి పట్టుకున్నాడు. జబ్బు కోడలి వైపు నుంచి వచ్చిందన్న మాట ఆ గడప మీద పడితే స్వరూప ఆ ఇంట్లో ఉండగలదా అన్నది నాకు తట్టలేదు. అతనికి తట్టింది. "ఏ ఊరు పెద్దమ్మ మనది?" అని ఆమె పక్కనే కూర్చుని ముచ్చట పెట్టాడు. నేను లోపలికి వెళ్లాను.

స్వరూపకు ఉన్నదున్నట్టు చెప్పాను. జబ్బు పేరు, అది వచ్చే దారి, పుట్టబోయేది మగపిల్లాడైతే వాడికీ వచ్చే అవకాశం సగం ఉందని. బయటికి వినపడకుండా చెప్పాను. నా తప్పు కూడా చెప్పాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"అయితే నేనే ఇచ్చిన్నా వానికి?"

"నువ్వు ఇవ్వలేదమ్మా. నీ ఒంట్లో ఉందని నీకు తెలియదు కదా. ఇందులో నీ తప్పు..."

"తప్పు ముచ్చట కాదు మేడం. ఆ దినం నా నెత్తురు మీరు సూసిన్రు గదా?"

"చూశాను."

"అది చెప్పింది గదా మీకు?"

చెప్పింది, అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లేచి కుండలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి నాకిచ్చింది. "మా అత్తకు చెప్పకున్రి" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

మిగిలింది

నేనూ యాదగిరీ ఆ తర్వాత మాట్లాడుకున్నాం. పని మాటలు, పిల్లల చదువులు, అన్నీ. రాష్ట్రం వచ్చిన రోజు ల్యాబులో అందరికీ మిఠాయి పంచాడు, నాకు రెండు పెట్టాడు. నేను వాళ్ల ఊరి కుర్రాడి గురించి అన్న మాటకు క్షమించమని అడిగాను. "పోనియ్యున్రి మేడం" అన్నాడు. పోనిచ్చాడో లేదో నాకు తెలియదు. టిఫిన్ డబ్బాలు మాత్రం మళ్లీ కలపలేదు.

మీకు నేను చెప్పేది ఒక్కటే. ట్యూబు మీద పేరు లేకపోతే పలక ముట్టుకోవద్దు. తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఎవరిది, ఎప్పుడు తీశావు, దారిలో ఏమైంది అని అడగండి. ఆ మనిషి మీకు నచ్చకపోతే ఇంకా ఎక్కువ అడగండి. మీకు తెలిసిన కారణాలన్నీ అతనికీ చెప్పండి. మైక్రోస్కోపు ఎంత ఖరీదైనదైనా దాని వెనక ఉండేది మన కన్నే, ఆ కన్ను ఆ రోజు ఎవరి మీద కోపంగా ఉందో దానికి తెలియదు.

స్వరూపకు మగపిల్లాడే పుట్టాడు. పుట్టిన రోజే యాదగిరి వాడి రక్తంతోపాటు ఒక నర్సు రక్తమూ తోడుగా తెచ్చాడు. ఒక్క కణం కూడా నీలం కాలేదు. తోడు మాత్రం నూటికి నూరు పాళ్లూ నీలమైంది. అదే జబ్బు. ఈసారి పొద్దు గుంకకముందే మందులు మొదలయ్యాయి. క్రిములు రాకముందే ఆపడానికి రోజూ ఒక మాత్ర, బూజు పట్టకుండా ఇంకొకటి. ఇంట్లోవాళ్లకు బలం మాత్రలని చెప్పింది స్వరూప. నేను కూడా అవుననే అన్నాను. జబ్బు పోలేదు, పోదు. రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు, లేచాడు. ఇప్పుడు బడికి వెళుతున్నాడు.

ఏటా ఒకసారి నాకు చూపించడానికి తీసుకొస్తుంది. వాడు సోఫా ఎక్కి దూకుతుంటే ఆమె వాడినే చూస్తుంది, నేను ఆమె ముఖం వైపు చూడలేను. ఆ మాత్రలు కొత్తగా కనిపెట్టినవేమీ కావు. సమ్మె రోజుల్లో కూడా దిల్‌సుఖ్‌నగర్‌లో తెరిచి ఉన్న ప్రతి మందుల షాపులోనూ దొరికాయి.